తొమ్మిదో డిస్కు గైర్హాజరు

తొమ్మిదో నంబరు డిస్కు పోయిన సంగతి శుక్రవారం ఉదయం పదిన్నరకు తెలిసింది. అది తెలిసిన రోజు మాత్రమే, పోయిన రోజు కాదు. ఆ రెండింటికీ మధ్య పదకొండు రోజులు గడిచాయని మధ్యాహ్నం దాటితే గాని బయటపడలేదు.

మా అక్క పోయి అప్పటికి నాలుగు నెలలు. యూనిఫారాలు కుట్టే ఆ దుకాణాన్ని బావతో కలిసి పద్దెనిమిదేళ్ళు నడిపింది. కుట్టు మిషన్లు బావవి. కొలతలు, కాగితాలు, కంప్యూటర్లు అక్కవి. పాత కంప్యూటర్లను వదిలించుకోవాలని కిందటేడే అనుకుంది. కౌంటరులో రెండు, కటింగు బల్ల పక్కన ఒకటి, జేబుల మీద పేర్లు కుట్టే మిషన్లకు ఒక్కోటి, అన్నీ కలిపి పద్నాలుగు. స్కేలు పెట్టి గీతలు గీసి జాబితా రాసింది. ఒక్కో నంబరు ఎదురుగా ఒక ఖాళీ గడి. ఆ కంప్యూటరులోని డిస్కును నాశనం చేశాక అందులో టిక్కు పెట్టాలి. ఒక్క టిక్కయినా పెట్టకముందే మంచం పట్టింది. ఆ కాగితం నా చేతికి వచ్చింది. నేను బడికి సెలవు పెట్టి దుకాణంలో కూర్చున్నాను.

శుక్రవారం గడువు మేము పెట్టుకున్నది కాదు. మా దగ్గర బట్టలు కుట్టించుకునే పెద్దాస్పత్రి పెట్టింది. అక్కడ పనిచేసే పదహారు వందల మంది పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు, చేతి పొడవులు, నడుము చుట్టుకొలతలు మా పాత కంప్యూటర్లలో ఉన్నాయి. వాటిని పద్ధతిగా నాశనం చేసినట్టు సర్టిఫికెట్ ఆ సాయంత్రం ఐదింటిలోగా వాళ్ళ పరిపాలనాధికారి బల్ల మీద ఉండాలి. లేకపోతే వచ్చే ఏడాది బట్టలు మరెవరో కుడతారు. మా ఇరవై రెండు మంది టైలర్లలో పదిహేను మందికి ఏడాది పొడవునా ఆ పనే పని.

"మిగతావి పోతే పోనీ, నడుము కొలతలు బయటపడితే మాత్రం సగం ఆస్పత్రి తలెత్తుకు తిరగలేదు" అంది గుండీలత్త. ఆవిడ బావకు మేనత్త. కిటికీ పక్క ముక్కాలి పీట మీద కూర్చుని రోజుకు రెండు వందల గుండీలు కుడుతుంది, అంతకు రెట్టింపు మాటలు చెబుతుంది.

డ్రిల్లు మేడం పదింటికల్లా వ్యాను తెచ్చి గుమ్మం ముందు పెట్టింది. పాత కంప్యూటర్లను తీసుకెళ్ళి విడదీసే సంస్థలో ఆవిడ పెద్ద ఉద్యోగి. అసలు పేరు ఆవిడ మెడలోని కార్డు మీద ఉన్నా మా దుకాణంలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పదకొండు రోజుల కిందట, ఒక సోమవారం, ఆవిడే వచ్చి కంప్యూటర్లు విప్పి డిస్కులు బయటికి తీసింది. బ్యాటరీల మొనలకు టేపు చుట్టి వేరే డబ్బాలో పెట్టింది. తీగలు ఒక చోట, తెరలు ఒక చోట సర్దింది. ఇవన్నీ బండి మీద వచ్చే పాత సామాన్లవాడికి వేస్తే ఏమవుతుందని బావ అడిగాడు. "రాగి కోసం తీగలు తగలబెడతాడు. ఆ పొగ మీరూ పీలుస్తారు, నేనూ పీలుస్తాను. డిస్కు మాత్రం తగలబెట్టడు, అమ్ముకుంటాడు" అంది.

"లోపలున్నవన్నీ డిలీట్ చేసేశాంగా మేడం" అన్నాడు బావ.

ఆవిడ బావ వైపు కాకుండా నా వైపు తిరిగింది. "మీరు టీచరు కదా, మీకు చెబుతాను. డిలీట్ చేయడమంటే పుస్తకంలో విషయసూచిక పేజీ చింపడం. పాఠాలు ఎక్కడికీ పోవు. అందుకని ముందు పాఠాల మీద పిచ్చిగీతలు గీయాలి, ఆ తర్వాత పుస్తకానికే చిల్లులు పెట్టాలి."

గీతలు ఆ సోమవారమే గీసింది. చిల్లులు ఈ శుక్రవారం పెట్టాలి. డిస్కులు ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి నా దగ్గర ఉంది.

నేను జాబితా పట్టుకుని నిలబడ్డాను. అలవాటు కొద్దీ హాజరు పిలిచినట్టే పిలిచాను.

"ఒకటి."

"ఉంది." ఆవిడ డిస్కు మీది చీటీలో అంకెలు చదివి, తన పుస్తకంలో రాసుకుని, వ్యానులోని డ్రిల్లు యంత్రం కింద పెట్టింది. గుర్రుమని చప్పుడు, కాలిన ఇనుము వాసన, మూడు చిల్లులు. నేను అక్క గీసిన మొదటి గడిలో టిక్కు పెట్టాను. టైలర్లు పని ఆపి గుమ్మంలోకి వచ్చారు. రెండో డిస్కుకు ఎవరో చప్పట్లు కొట్టారు. ఎనిమిదో దాని దాకా అంతా పెళ్ళివారి సందడిలా సాగింది.

"తొమ్మిది."

ఆవిడ పెట్టెలోకి చూసింది. "పది ఉంది."

"నేను తొమ్మిది పిలిచాను మేడం."

"తొమ్మిది రాలేదండీ."

బావ గబగబా జేబులు తడుముకున్నాడు.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నీ జేబులెందుకురా, ఇటుకంత డిస్కు జేబులో పడుతుందా?" అంది గుండీలత్త.

మిగిలిన అయిదింటికీ చిల్లులు పడ్డాక వెతకడం మొదలుపెట్టాం. కటింగు బల్ల కింద పదకొండు బాబిన్లు, వేలికి తొడుక్కునే అంగుస్తానలు రెండు, కిందటేడు పోయిందని కొత్తది కొన్న కత్తెర, బావ కళ్ళజోడు దొరికాయి. కళ్ళజోడు పోయినట్టు బావకే తెలియదు. అక్క పెన్ను మూత కూడా దొరికింది. దాన్ని నా సంచిలో వేసుకున్నాను. డిస్కు దొరకలేదు.

"పంతులమ్మా, తాళం నీ దగ్గరే ఉంది కదా?" అన్నాడు బావ, వీలైనంత మెల్లగా.

ఉంది. అయితే సోమవారం డిస్కులు పెట్టెలో పెట్టినప్పుడు తాళం లేదు. దుకాణంలో ఆరు తాళాలు ఉన్నాయి, ఒక్కదానికీ చెవి లేదు. మర్నాడు పొద్దున కొత్త తాళం కొని వేశాను. వేసేముందు మళ్ళీ లెక్కపెట్టలేదు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల్ని విహారయాత్రలకు తీసుకెళుతున్నాను. బస్సెక్కేముందు లెక్కపెడతాను, ఎక్కాక లెక్కపెడతాను, టీ కోసం ఆగినా లెక్కపెడతాను. డిస్కులను ఒక్కసారే లెక్కపెట్టాను. ఆ మాట అందరి ముందూ చెప్పాను.

"పోనీలే అమ్మాయ్, పిల్లలైతే పారిపోతారు గాని అదెక్కడికి పోతుంది" అంది గుండీలత్త. ఆవిడ ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

బావ మేడం దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు. "మేడం, పద్నాలుగూ అయ్యాయని రాసేయండి. అది దొరకగానే నేనే సుత్తితో నుగ్గు చేసి మీకు ఫొటో పంపుతాను."

"నేను చూడనిదాన్ని చూసినట్టు రాయను."

"ఒక్కటే కదండీ."

"మీ ఆవిడ అయితే రాయమని అడిగేవారా?" అంది ఆవిడ. కోపంగా అనలేదు. కిందటేడు జాబితా రాసే రోజుల్లో అక్క ఆవిడతో చాలాసార్లు ఫోనులో మాట్లాడిందట. బావ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"పైగా ఆ తొమ్మిదోదే అసలు చిక్కు. మిగతా పదమూడింటికీ ఆ రోజే గీతలు గీశాను. తొమ్మిదో కంప్యూటరు ఎంతకీ లేవలేదు. అందుకని దాని డిస్కు ఉన్నదున్నట్టు తీయాల్సి వచ్చింది. దాన్ని వేరే కంప్యూటరుకు తగిలించారంటే పదహారు వందల మందీ హాజరు పలుకుతారు" అంది మేడం.

అప్పుడు గమనించాను. ఇంత గొడవలోనూ ఒక కత్తెర చప్పుడు ఆగలేదు.

తరగతిలో ఎవరి వస్తువైనా పోతే పిల్లలందరూ వెతుకుతారు. తీసినవాడు అందరికంటే గట్టిగా వెతుకుతాడు. అసలు వెతకని పిల్లవాడు ఒక్కోసారి ఉంటాడు. అది ఎక్కడుందో వాడికి తెలుసు, తాను చేసింది తప్పని మాత్రం తెలియదు. కటింగు మేస్త్రిగారు ఆకుపచ్చ గుడ్డ పరుచుకుని, సుద్దగీత వెంట కత్తెర నడిపిస్తున్నారు.

"మేస్త్రిగారూ, మీరు వెతకడం లేదేం?"

"దేన్ని టీచరమ్మా?"

"తొమ్మిదో డిస్కుని."

"పోతే కదమ్మా వెతకడానికి." గీత చివరి దాకా కత్తిరించారు. ఆయన గీత మధ్యలో ఎప్పుడూ ఆగరు. "నేనే ఇచ్చేశాను."

వెతుకుతున్నవాళ్ళు ఒక్కొక్కరుగా ఆగిపోయారు. గుండీలత్త నోట్లోని దారం తీసేసింది.

"ఎవరికి ఇచ్చారు?"

"ఎవరి సొమ్మో వాళ్ళకి."

ఆయన కత్తెర పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, ఎదురుగా గోడ మీది పలక చూపించారు. అక్క రాయించిన పలక అది. 'మిగిలిన ముక్క కూడా మీదే' అని ఉంటుంది. మా దుకాణంలో కుట్టిన బట్టలతో పాటు కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ కూడా ఒక సంచిలో వేసి, మూటకు పిన్నుతో గుచ్చి పంపుతారు. రుమాలంత ముక్కయినా ఉంచుకోరు. ఊళ్ళో మిగతా టైలర్లు దీన్ని చాదస్తమంటారు.

"ఆ సోమవారం మేడంగారినే అడిగాను, ఈ కొలతలన్నీ ఎక్కడ ఉంటాయండీ అని. ఇదిగో ఇందులో అని డిస్కు చూపించారు. అడిగానా లేదా మేడం?"

"అడిగారు" అంది మేడం. ఆవిడ తన పుస్తకం మూసింది.

"తొమ్మిదోది నా బల్ల పక్కది. అందులో ఆస్పత్రి కొలతలే ఉన్నాయి, ఇంకేం లేవు. ఆ సంగతి అమ్మగారే చెప్పారు. మరి కొలతలు ఎవరివి? ఆస్పత్రి వాళ్ళవి. గుడ్డ వాళ్ళది, ముక్క వాళ్ళది, కొలత మాత్రం మనదవుతుందా? వాళ్ళ వస్తువుకి చిల్లులు పెట్టడానికి మనమెవరం? సాయంత్రం మూట వెళుతుంటే ముక్కల సంచిలో వేసి, సంచి మూతి కుట్టి పంపాను."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా మేస్త్రీ" అన్నాడు బావ.

"ముక్కలు వెనక్కి పంపినప్పుడల్లా మీకు చెబుతున్నానా బాబూ?"

మేస్త్రిగారు నా వైపు తిరిగారు. "చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు అమ్మగారు నాతో ఒక్క మాటే అన్నారు టీచరమ్మా. మేస్త్రీ, నేను లేను కదా అని ముక్కలు పంపడం మానకండి అన్నారు. నేను మానలేదు."

నా చేతిలో జాబితా ఉంది. తొమ్మిదో నంబరు నాశనం చేయాలని అక్క రాతలో ఉంది. తిరిగి ఇవ్వమని అక్క చెప్పిన మాట ఆయన దగ్గర ఉంది. ఆయన తప్పు చేశారని ఎలా అనాలో నాకు తెలియలేదు. బడిలోనైతే ఇలాంటి పిల్లవాడికి మార్కులు వేసి, పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్న గుర్తు పెట్టేదాన్ని.

డ్రిల్లు మేడం నవ్వింది. పదకొండు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. "డిస్కులు దొంగిలించినవాళ్ళను చూశాను, దాచుకున్నవాళ్ళను చూశాను. నిజాయితీ ఎక్కువై పోగొట్టినవాళ్ళను మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. సరే, ఆ సంచి ఎక్కడుందో కనుక్కోండి."

బావ ఆస్పత్రి బట్టల స్టోరుకు ఫోను చేసి స్పీకరు పెట్టాడు. భోజనాల వేళ కావడంతో మూడోసారికి గాని ఎవరూ తీయలేదు. చివరికి స్టోరు ఆయన పలికాడు.

"ముక్కల సంచులా? మేం విప్పను కూడా విప్పమండీ. మూడేళ్ళుగా వచ్చింది వచ్చినట్టే బడికి పంపేస్తున్నాం. మీ మరదలుగారి బడికే. మీ ఆవిడే కదండీ ఆ ఏర్పాటు చేసింది?"

అందరూ నన్ను చూశారు.

నిజమే. మా బడిలో కుట్టుపని తరగతికి గుడ్డ లేదని ఒకసారి అక్క దగ్గర అన్నాను. ఆ తర్వాత నెల నుంచి సంచులు రావడం మొదలైంది. ఎక్కడి నుంచి వస్తున్నాయని నేను అడగలేదు. అక్క చేసిన పనులు చాలావాటిని అడగకుండానే తీసుకున్నాను.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనే అమ్మాయ్" అంది గుండీలత్త సంతోషంగా.

బడికి నేనే స్పీకరు పెట్టి ఫోను చేశాను. మధ్యాహ్నం తరగతులు నడుస్తున్నాయి. రెండో పీరియడు గంట కొట్టేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కుట్టు టీచరు ఫోను దగ్గరికి వచ్చింది.

"మేడం, ఎలా ఉన్నారు? పిల్లలు రోజూ అడుగుతున్నారు. మీ బదులు వచ్చినాయన హాజరు వేసేటప్పుడు అందరి పేర్లూ తప్పే పిలుస్తున్నాడట."

"వచ్చేస్తాను. ఒక సంగతి చెప్పు. ఈ మధ్య వచ్చిన ముక్కల సంచిలో ఇనప డబ్బా లాంటిది ఏమైనా ఉందా? చదునుగా, అరచేతికన్నా పెద్దది."

"అయ్యో, ఉండకేం. మీరే ఏరి పంపారనుకున్నాం. భలే పనికొచ్చింది మేడం."

డ్రిల్లు మేడం నా భుజం మీదుగా ఫోను దగ్గరికి వంగింది. బావ కళ్ళు మూసుకున్నాడు.

"దేనికి పనికొచ్చింది?"

"ఈసారి ఏడో తరగతి వాళ్ళతో గుడ్డ తాబేళ్ళు చేయించాను. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేవి. అడుగున బరువు ఉండాలి కదా, పిల్లలు ఇటుక ముక్కలు తెచ్చారు. ఇటుకతో పొట్ట ఎత్తుపల్లాలుగా వచ్చింది. ఈ డబ్బా ఒక్కటే సరిగ్గా కొలిచి చేయించినట్టు అమరింది. దాన్ని మాత్రం రెండు వరసలు కుట్టించాను, ఊడిపోకుండా."

"దాన్ని ఎవరైనా విప్పారా? దేనికైనా తగిలించారా?"

"లేదు మేడం. పొట్టలో పెట్టి కుట్టేశాం, అంతే."

డ్రిల్లు మేడం ఊపిరి వదిలింది. మేస్త్రిగారు "రెండు వరసలా" అని తల ఊపారు. ఆయనకు ఆ కుట్టు నచ్చింది.

"ఆ తాబేలు బయటికి పంపకు. ఇప్పుడే వస్తున్నాం" అన్నాను.



"ఇక్కడ లేవు మేడం. ఈ పొద్దున్నే ఇరవై ఆరు తాబేళ్ళూ ఇచ్చేసి వచ్చాం. ముక్కలు ఇచ్చినవాళ్ళకే. ఒకరి దగ్గర తీసుకున్నప్పుడు ఏదో ఒకటి తిరిగివ్వాలని మీరే కదా పిల్లలకు చెబుతారు. ఆస్పత్రిలో వార్డుకొకటి పెట్టారు. ఎంత సంతోషించారో."

"డబ్బా ఉన్నది ఏ వార్డులో పెట్టారు?"

"అది వార్డులో కాదు మేడం. పైన పరిపాలనాధికారి గది తలుపు గాలికి ఒకటే కొట్టుకుంటోందట. ఇటుక తాబేళ్ళు రెండు పెట్టి చూశారు, జరిగిపోయాయి. ఇది పెట్టగానే ఆగింది. ఆయన స్వయంగా వంగి సర్దుకున్నారు. ఆకుపచ్చ వీపు, తెల్ల గుండీల కళ్ళు. ఒక కన్ను కొంచెం వంకరగా ఉంటుంది, చూడగానే పోల్చుకుంటారు."

ఫోను పెట్టేశాను.

"అంటే దాన్ని తన గుమ్మంలో పెట్టుకుని, దానికి చిల్లులు పెట్టినట్టు కాగితం పట్టుకురమ్మని మనల్ని అడుగుతున్నాడన్నమాట" అంది గుండీలత్త. ముందు ఆవిడే నవ్వింది. తర్వాత మిషన్ల వెనక నుంచి ఒకరు, ఇంకొకరు. చివరికి బావ కూడా నవ్వాడు. అక్క పోయాక బావ నవ్వు వినడం అదే మొదలు. నేను జాబితా మడత సరిచేస్తూ కూర్చున్నాను.

నవ్వు తగ్గాక బావకు ఆలోచన వచ్చింది. "ఇంకో తాబేలు తీసుకెళదాం. పలకరించడానికి వచ్చినట్టు వెళ్ళి, నేను ఆయన్ని మాటల్లో పెడతాను. పంతులమ్మ వంగి చెప్పు సర్దుకున్నట్టు సర్దుకుని తాబేలు మార్చేస్తుంది."

"ఇరవై ఆరేళ్ళుగా కాపీ కొట్టేవాళ్ళను పట్టుకున్నాను బావా. చూసేవాళ్ళకు అన్నీ కనిపిస్తాయి."

"మరి ఉన్నదున్నట్టు చెబుతావా? మీ వాళ్ళ వివరాలన్నీ పదకొండు రోజులు ఊరంతా తిరిగి మీ కాళ్ళ దగ్గరికే వచ్చాయండీ అని? అది విన్నాక ఎవరైనా మనకు పని ఇస్తారా?"

"నా మాట కూడా వినండి" అంది మేడం. "డిస్కు నా కళ్ళముందు యంత్రం కిందికి వస్తే పద్నాలుగుకూ సర్టిఫికెట్ రాస్తాను. అది మధ్యలో ఎక్కడెక్కడ తిరిగిందో కూడా అందులో రాస్తాను. చెప్పకుండా తీసుకొచ్చారో, సంతకం పెట్టను. వ్యాను మీ వెనకే తెస్తాను. ఐదు దాటాక మాత్రం ఆగను."

మేస్త్రిగారు అప్పటికే చొక్కా మీద కోటు వేసుకున్నారు. కుట్లు విప్పే చిన్న కత్తి, సూది, ఆకుపచ్చ దారపు ఉండ జేబులో వేసుకున్నారు.

"మీరెక్కడికి మేస్త్రీ?" అన్నాడు బావ.

"రెండు వరసల కుట్టు బాబూ. తెలియనివాళ్ళు విప్పితే గుడ్డ చిరుగుతుంది. పిల్లలు చేసింది. విప్పినచోట మళ్ళీ కుట్టి ఇవ్వాలి కదా."

"నాలుగు తెల్ల గుండీలు కూడా పట్టుకెళ్ళు, ఆ వంకర కన్ను సరిచేసి రా" అంది గుండీలత్త.

ముగ్గురం బయటికి వచ్చాం. మూడు గంటల ఇరవై నిమిషాలైంది. ఆస్పత్రికి అరగంట దారి. అక్క జాబితా నా సంచిలో, పెన్ను మూత పక్కన ఉంది. పదమూడు గడుల్లో టిక్కులు పడ్డాయి. తొమ్మిదో గడి ఖాళీగా ఉంది. పరిపాలనాధికారితో మొదటి మాట ఎవరు మాట్లాడాలో, ఏమని మాట్లాడాలో మేము ఇంకా అనుకోలేదు.